గుల్కంద్‌కు పొయ్యి అక్కరలేదు: పెరటి పూలతో తీపి నిల్వలు
(మిద్దెతోట సాగుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మిద్దె మీదా పెరట్లోనూ మొక్కలు పెంచుతున్న మీకు పూలు కొత్త కాదు, పూలు తినడమూ కొత్త కాదు. వేపపువ్వు లేనిదే మనకు ఉగాది పచ్చడి లేదు. అరటిపువ్వుకు ఆవపెట్టి కూర వండుతాం. మునగపువ్వు, అవిసెపువ్వు, గుమ్మడిపువ్వు పప్పులోకీ వేపుళ్ళలోకీ వెళ్తాయి. అయితే పువ్వును తీపిగా చేసి జాడీలో నిల్వ పెట్టుకునే అలవాటు మాత్రం మన వంటిళ్ళలో అంతగా పాతుకోలేదు. ఊరగాయలు పెట్టడంలో ఇంత చేయి తిరిగినవాళ్ళం, గులాబీ రేకులను పంచదారలో మాగించే గుల్కంద్ దగ్గరికి వచ్చేసరికి దాన్ని కిళ్ళీకొట్టుకు వదిలేశాం. ఆ పనిని మళ్ళీ ఇంట్లోకి ఎలా తెచ్చుకోవచ్చో చెప్పమని నిర్వాహకులు అడిగారు.

మొదట ఒక తేడా గమనించాలి. మామిడిపండునో జామపండునో నిల్వ చేసేటప్పుడు మనం గుజ్జునూ పులుపునూ తీపినీ దాచుకుంటున్నాం. పువ్వులో గుజ్జు లేదు, చెప్పుకోదగ్గ పులుపు లేదు, నోటికి తెలిసేంత తీపీ లేదు. అందులో దాచుకోదగినది వాసన. దాని వెంట కాస్త రంగు, కాస్త వగరు. గులాబీకి ఆ వాసననిచ్చే జెరానియాల్, సిట్రొనెల్లాల్, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ వంటి పదార్థాలు ఆవిరితో పాటు లేచిపోయే స్వభావం గలవి. ఆ స్వభావం వల్లనే బట్టీ పెట్టి అత్తరునూ పన్నీరునూ తీయగలుగుతున్నారు. పన్నీరు తీసేవాడికి ఆ ఆవిరి లాభం, పాకం వండేవాడికి అదే నష్టం. మరుగుతున్న గులాబీ పాకం ఇల్లంతా ఘుమఘుమలాడిస్తుంటే సంతోషించకండి. ఆ ఘుమఘుమంతా గిన్నెను విడిచి వెళ్ళిపోతున్నదే. కాబట్టి పూల నిల్వల్లో పొయ్యిని ఎంత తక్కువగా వాడితే అంత మంచిది. చేయవలసిన పనిని వీలైనంత వరకు పంచదార చేత, ఎండ చేత చేయించుకోవాలి.

పాకం సంగతికి ముందు ఏ పువ్వు తినవచ్చో, ఏది తినకూడదో తేల్చుకోవాలి. ఇక్కడ మొహమాటానికి తావు లేదు. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, అడవినాభి వీటిలో ఏదీ వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. వీటిలో మొదటి రెండూ గుండె లయనే తప్పించగలవు. ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు శివుడికి ప్రీతి అని పూజ చేస్తాం. ఆయన గరళం మింగినవాడు, మనం కాదు. పేరు రూఢిగా తెలియని పువ్వును, అందంగా ఉందని, ఎవరో వీడియోలో వేశారని నోట పెట్టకండి.

రెండో జాగ్రత్త మందుల గురించి. హైదరాబాదు శివార్లలో పాలీహౌసుల్లో పెరిగే పొడవు కాడల గులాబీలు కోతకూ ప్రయాణానికీ పెంచినవి. వాటికి వాసన తక్కువ, తామరపురుగుకూ బూడిద తెగులుకూ కొట్టిన మందులు ఎక్కువ. గుడిమల్కాపూర్ పూలబజారులో కిలోల లెక్కన దొరికే పూలు దండలకు, అలంకరణకు పండించినవి. తినడానికి పండించినవి కావు. మొక్క ఒంట్లోకి ఇంకే రకం మందు కొట్టినప్పుడు రేకును ఎన్ని నీళ్ళలో కడిగినా పోదు. కడియం నర్సరీ నుంచి కొత్తగా తెచ్చుకున్న మొక్క పూలను కూడా వెంటనే వాడవద్దు. కొమ్మలు కత్తిరించి, మీ ఎరువుతో మీ కుండీలో కొత్త చిగురు వేసి, కొన్ని నెలల తరువాత పూసిన పూలతో మొదలుపెట్టండి. అందుకే ఈ పని పూలు కొనుక్కునేవాళ్ళ కంటే పెంచుకునేవాళ్ళకు ఎక్కువ తగినది అంటాను.

ఇక గులాబీల్లో ఏది? మనం నాటు గులాబీ, పన్నీరు గులాబీ అని పిలుచుకునే, లేత గులాబీరంగులో, వదులు రేకులతో, కోసిన పూటకే వాడిపోయే రకాలే దీనికి సరైనవి. శాస్త్రజ్ఞులు రోజా డమాసీనా, రోజా సెంటిఫోలియా అనే జాతులూ, ఎడ్వర్డ్ గులాబీ అనే సంకరమూ ఈ పనికి పేరుపడినవి. రాజస్థాన్‌లో అజ్మీరు పక్కనున్న పుష్కర్ చుట్టూ పొలాల్లో పండే గులాబీ పన్నీరుకూ గుల్కంద్‌కూ వెళ్తుంది. బల్గేరియాలో కజన్‌లక్ లోయ, టర్కీలో ఇస్పార్తా అత్తరు గులాబీకి ప్రసిద్ధి. మే, జూన్ నెలల్లో తెల్లవారుజామునే పూలు కోస్తారు, ఎండెక్కిన కొద్దీ రేకులో నూనె తగ్గిపోతుంది గనుక. మీరు కూడా మంచు ఆరీ ఆరకముందే కోయండి. మొగ్గగా కాదు, వడలిన పువ్వుగా కాదు, ఆ తెల్లవారుజామున విచ్చినదాన్ని కోయాలి.

కోసిన పువ్వును తొడిమ దగ్గర పట్టుకుని రేకులన్నీ ఒక్కసారిగా గుప్పిట్లోకి తీసుకుంటే, వాటి అడుగున, పువ్వు పీఠాన్ని అంటుకుని ఉండే చోట, తెల్లగా గోరంత భాగం కనబడుతుంది. ఒక రేకు నుంచి ఆ తెల్లటి ముక్కను తుంచి నమిలి చూడండి, చేదు ఉంటుంది. కత్తెరతో ఆ అంచును ఒకే కోతలో తీసేసి, మిగిలిన రేకులను తెల్లటి గుడ్డ మీద విదిలిస్తే చిన్న పురుగులేవైనా ఉంటే అవీ రాలిపోతాయి. దుమ్ము ఉంటే ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి, నీడలో పరిచి, పైతడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఆ తడి ఎందుకు ఉండకూడదో తూకం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

గుల్కంద్ మనకు పారశీక, అరబ్బు వైద్యుల దారిన వచ్చింది. 11వ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ సీనా ఊపిరితిత్తుల రోగికి గులాబీ పాకం ఇవ్వడం గురించి రాశాడు. యునానీ వైద్యంలో ఎండలో మాగించినదాన్ని ఆఫ్తాబీ అనీ, వెన్నెలలో ఉంచినదాన్ని మహతాబీ అనీ వేరు చేస్తారు. హైదరాబాదులో యునానీ వైద్యానికి ఉన్న ఆదరణ వల్ల పాతబస్తీకి ఈ తీపి కొత్తది కాదు; తక్కిన తెలుగువాళ్ళకు అది కిళ్ళీలోని ఎర్రటి ముద్దగానే తెలుసు. అసలు ఇంట్లో మాగిన గుల్కంద్ ఎర్రగా ఉండదు. ముదురు గోధుమకు తిరిగిన మెరూన్ రంగులో, కాస్త నల్లబడినట్టుగా ఉంటుంది. మిలమిలలాడే ఎరుపు కనబడితే రంగు కలిపారేమోనని అనుమానించవచ్చు.

చేసే పద్ధతి మాగాయ పెట్టినవాళ్ళకు ఒక్క మాటలో అర్థమవుతుంది: అక్కడ ఉప్పు చేసే పనిని ఇక్కడ పంచదార చేస్తుంది. రేకుల లోపలి నీటిని పంచదార బయటికి లాగుతుంది, ఊట దిగుతుంది, ఆ ఊటలో పంచదార కరుగుతుంది, చిక్కనైన ఆ పాకంలో సూక్ష్మజీవులకు వాడుకోదగ్గ నీరు మిగలదు. ఎంత పంచదార వేయాలన్నదే ప్రశ్న. కొందరు రేకులకు సమానంగా వేయమంటారు, కొందరు రెట్టింపు అంటారు. లెక్క వేసి చూద్దాం. 100 గ్రాముల తాజా రేకుల్లో 80 గ్రాములకు పైగా నీరే. దానికి 100 గ్రాముల పంచదార కలిపితే, నీరూ పంచదారా కలిసిన పాకంలో పంచదార వంతు 55 శాతం దగ్గర ఆగిపోతుంది; 200 గ్రాములు కలిపితే 70 శాతం దాటుతుంది. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం జాములో కరిగిన ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదు. అంటే రెట్టింపు వేసినవాళ్ళు మొదటి రోజు నుంచే గట్టి నేల మీద ఉన్నారు. సమానంగా వేసినవాళ్ళ జాడీలో నీటిలో సుమారు మూడో వంతు ఎండకు ఎగిరిపోతే తప్ప ఆ స్థాయి రాదు. ఈలోపు మబ్బు పడితే పులిసిపోతుంది. అందుకే ఎండలు ఖాయంగా కాసే చోట సమానం చెల్లుతుంది, తేమగాలి వీచే కోస్తాలో రెట్టింపే క్షేమం. రేకుల పైతడి ఆరాలని అన్నది కూడా ఇందుకే. కడిగిన నీరు కలిస్తే మీరు వేసిన తూకం తూకం కాదు.

గది వేడిమిలో పాకం తనలో కరిగించుకోగల పంచదార సుమారు 67 శాతం. రెట్టింపు వేసిన జాడీలో అందువల్లనే అడుగున కాసిని పలుకులు కరగకుండా మిగులుతాయి. వాటిని చూసి కంగారుపడి నీళ్ళు చిలకరించేవారున్నారు. ఆ పని చేయకండి. ఆ పలుకులు కనబడుతున్నంత కాలం పాకం నిండుగా ఉన్నట్టే.

పంచదారకు బదులు పటికబెల్లం, అంటే కలకండ, వాడటం ఆనవాయితీ. నిల్వ శక్తిలో రెండింటికీ తేడా లేదు, రెండూ ఒకే పదార్థం. అయితే కచ్చాపచ్చాగా దంచిన కలకండ పలుకుల మొనలు రేకులను నలపడంలో బాగా ఉపయోగపడతాయి. బెల్లం వద్దు, దాని వాసన గులాబీ వాసనను మింగేస్తుంది. తేనె వాడవచ్చు, రుచి వేరుగా ఉంటుంది, కానీ తేనెతో చేసినది ఏడాది నిండని పసిపిల్లలకు పెట్టకూడదు.

ఒక నాటు గులాబీ రేకులు తూస్తే రెండు మూడు గ్రాములకు మించవు. 100 గ్రాముల రేకులు కావాలంటే నలభై పూలైనా ఉండాలి. నాలుగు కుండీలున్నవారికి ఒక పూటలో అన్ని పూలు ఎక్కడివి? ఈ పద్ధతి గొప్పతనం ఇక్కడే ఉంది. ఉడికించే జాముకు సరుకంతా ఒకేసారి కావాలి, గుల్కంద్‌కు అక్కరలేదు. ఈరోజు ఐదు పూలు పూస్తే ఐదు పూల రేకులు తూచి, వాటికి రెట్టింపు కలకండ వేసి, వెడల్పాటి పళ్ళెంలో వేళ్ళతో నలపాలి. మొదట పొడిపొడిగా, గరగరలాడుతూ ఉన్న మిశ్రమం నాలుగైదు నిమిషాలకు చేతికి తడిగా తగులుతుంది, రేకు మెత్తబడి ముడుచుకుంటుంది, గులాబీరంగు కాస్తా ముదురుతుంది. దాన్ని జాడీలో నొక్కి, పైన పలచగా కలకండ పొడి చల్లండి. రేపటి పూలు రేపు, ఎల్లుండివి ఎల్లుండి. వరస మీద వరస పడుతూ జాడీ నిండుతుంది.

జాడీ గాజుదో పింగాణీదో కావాలి, వేడినీళ్ళతో కడిగి చెమ్మ లేకుండా ఆరినది కావాలి. ఇనుము, ఇత్తడి, అల్యూమినియం దగ్గరికి రానివ్వకండి. ఇనుము తగిలితే రేకులోని వగరు నల్లబారుతుంది. మూత బిగించకుండా పలచని గుడ్డతో వాసెన కట్టి రోజూ ఎండలో పెట్టండి, సాయంత్రం లోపలికి తెచ్చి పొడి గరిటెతో కలపండి. గుడ్డ గుండా చెమ్మ పోవాలి, ఈగ లోపలికి రాకూడదు, వాసెన పని అంతే. వారం గడిచేసరికి ఊట పైకి తేలుతుంది. మూడు నాలుగు వారాలకు ఊటా రేకూ కలిసిపోయి, గరిటెతో ఎత్తితే తెగకుండా ముద్దగా జారుతుంది. అప్పుడు గట్టిమూత పెట్టి నీడకు మార్చాలి. మన ప్రాంతంలో దీనికి అనువైన కాలం ఫిబ్రవరి, మార్చి. పువ్వూ ఉంటుంది, ఎండా ఉంటుంది. వానాకాలంలో పూసిన గులాబీని జడలో పెట్టుకోండి.

కలిపేటప్పుడు పైన నురుగు కట్టినా, సారా వాసన వచ్చినా పులిసినట్టు. బూజు కనబడితే పైపైన తీసేసి వాడుకుందామని చూడకండి, జాడీ మొత్తం పారేయాలి. గుల్కంద్ చలవ అని పెద్దలు చెప్పే మాటను నేను కాదనను. కానీ చెంచా గుల్కంద్‌లో మూడింట రెండు వంతులు పంచదారేనన్న సంగతి మధుమేహం ఉన్నవాళ్ళు మరిచిపోరాదు.

ఎండ లేని దేశాలవారు ఇదే పనిని వేరేగా సాధించారు. పోలండులో గులాబీ రేకులను పంచదారతో మట్టిగిన్నెలో రోకలి బండతో నూరి, పొయ్యి మీద పెట్టకుండానే నిల్వ చేసి, పోంచ్కి అనే పిండివంటలో నింపుతారు. చైనాలో యున్నాన్ ప్రాంతపు పూల రొట్టెలలోనూ గులాబీ, పంచదార కలిపి మాగించిన ముద్దే ఉంటుంది. ఇరాన్‌లో నారింజ పూలతో మురబ్బా చేస్తారు. చేదు పోవడానికి ఆ పూలను పలుమార్లు నీళ్ళు మార్చి ఉడికించవలసి ఉంటుంది. ఫ్రాన్సులోని తులూజ్ నగరానికి పంచదార పట్టించిన వయొలెట్ పూలు పేరు తెచ్చాయి. అవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ ఇంట్లో పచ్చి గుడ్డు తెల్లసొనతో చేసే పద్ధతిని నేను సలహా ఇవ్వను.

ఉడికించిన గులాబీ జామే కావాలనుకునేవారు వరస మార్చకూడదు. రేకులను నేరుగా చిక్కటి పాకంలో వేస్తే పంచదార వాటి నీరంతా ఒక్కసారిగా లాగేసి, రేకు తోలులా సాగుతుంది, ఆ తరువాత ఎంతసేపు ఉడికినా మెత్తబడదు. ముందు కొద్ది నీళ్ళలో మూతపెట్టి సన్నని సెగ మీద రేకులు మెత్తబడేదాకా ఉంచి, ఆ తరువాత పంచదార వేయాలి. రేకులు పాలిపోయి నీరు బూడిదరంగుకు తిరిగితే నిరాశపడవద్దు, నిమ్మరసం పిండగానే ఆ రంగు మళ్ళీ ఎర్రగా తిరుగుతుంది. పూల ఎరుపూ నీలమూ ఆంథోసయనిన్ అనే రంగు పదార్థాల వల్ల వచ్చినవి; అవి పులుపు తగిలితే ఎరుపుకు, క్షారం తగిలితే నీలానికి మొగ్గుతాయి. నిమ్మరసానికి మరో పని కూడా ఉంది: పాకం తిరిగి పలుకులు కట్టకుండా చూస్తుంది. చివర్లో, దించేముందు, ఒక గుప్పెడు పచ్చి రేకులు కలిపితే పోయిన వాసన కొంతైనా దక్కుతుంది.

మందారం సంగతి వేరు. దానికి వాసన లేదు, ఉన్నది రంగూ జిగురూ. కాబట్టి గుల్కంద్‌లా మాగించి ప్రయోజనం లేదు. రేక మందారాల పుప్పొడి కాడ తీసేసి, రేకుల మీద వేడినీళ్ళు పోసి, వడకట్టి, నిమ్మరసమూ పంచదారా కలిపితే ఎర్రటి షర్బతు అవుతుంది. జాము కావాలంటే గడ్డకట్టే గుణం బయటి నుంచి తేవాలి. జామకాయ ముక్కలు ఉడికించి వడకట్టిన నీటిలో ఆ గుణం దండిగా ఉంటుంది. గర్భిణులు మందారాన్ని వైద్యుల్ని అడగకుండా తీసుకోకపోవడం మంచిది. శంఖుపుష్పం రంగుకు తప్ప రుచికి పనికిరాదు. బంతి రేకు చేదు. మల్లెను నిల్వ చేయడం కంటే దాని వాసనను పట్టుకోవడం తేలిక: సాయంత్రం విచ్చబోయే మొగ్గలను పలచని గుడ్డలో మూటగట్టి పంచదార డబ్బాలో ఉంచితే రాత్రి అవి విచ్చుకుని వాసనంతా పంచదారకు పట్టిస్తాయి, ఉదయం మూట తీసేయాలి. నాలుగైదు రాత్రులు ఇలా కొత్త మొగ్గలు మారిస్తే ఆ పంచదార పాయసానికి చాలు.

చివరగా, ఇక్కడ గులాబీ లేనివారి కోసం గోంగూర. ఆకుతో పచ్చడి నూరుకోవడం మనకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు; పువ్వు రాలిన తరువాత కాయ చుట్టూ ఎర్రగా, కండగా పెరిగే రక్షకపత్రాలతో జాము చేసుకోవడం మాత్రం ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు వాళ్ళకు ఇంటి అలవాటు. శాస్త్రం ప్రకారం అది పూరేకు కాకపోయినా పువ్వులో భాగమే. ఇందులో పులుపు ఉంది, గడ్డకట్టే గుణం ఉంది, రంగు ఉంది. వాసన గురించిన దిగులు లేదు గనుక ఇక్కడ పొయ్యి వాడవచ్చు. ఎర్రటి పత్రాలను ఒలిచి పక్కన పెట్టి, లోపలి పచ్చికాయలను ముందు నీళ్ళలో పావుగంట ఉడికించండి, చిక్కదనం ఇచ్చేది ప్రధానంగా అవే. ఆ నీటిని వడకట్టి, అందులో పత్రాలను మెత్తగా ఉడికించి, వచ్చిన గుజ్జుకు సమానంగా పంచదార వేసి, నీటి మరుగు వేడి కంటే నాలుగున్నర డిగ్రీలు పైకి వచ్చేదాకా కాచాలి. విశాఖపట్నంలో అది 104, 105 డిగ్రీల మధ్య వస్తుంది. హైదరాబాదు ఎత్తులో నీరు 98 దగ్గరే మరుగుతుంది గనుక 103కు దించవచ్చు. థర్మామీటరు లేనివారు చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి వేలితో తోయండి, పైపొర ముడత పడితే అయినట్టే.

విత్తనం దగ్గర మాత్రం చూసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నార కోసం వేసే గోంగూరలో పత్రాలు పలచగా ఉంటాయి, జాముకు కండ చాలదు. వానాకాలం మొదట్లో విత్తితే చలికాలం మొదలయ్యేసరికి కాయ వస్తుంది. బయట బల్ల మీద విత్తనాలు పెట్టిన మిత్రులను, ఆకు రకమా, నార రకమా, కండ రకమా అని అడిగి తీసుకోండి.